చేట బొమ్మ వెనక ఇల్లు

కూచిపూడి,
18 జూన్ 2025

ఒరే సంజీవరావ్,

ముందు నీ ఆరోగ్యం ఎలా ఉందో అడగమంటోంది పక్కింటి రావమ్మ. అడిగాననుకో. నా ఫోను చచ్చిపోయింది. నీళ్ళ బిందెలో పడింది. ఎలా పడిందని అడగకు, పడింది. రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టాను, మూడో రోజు ఎండలో పెట్టాను, నాలుగో రోజు తిట్టాను. లేవలేదు.

రావమ్మ ఫోనులోంచి మాట్లాడొచ్చు కదా, ఉత్తరం ఎందుకంటావు. నీకు ఎడమచెవి వినపడదు, కుడిచెవితో వినవు. పైగా మనిద్దరం ఫోనులో మొదలుపెడితే మూడో మాటకి ఎవరో ఒకరం పెట్టేస్తాం. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు. నేను చెబుతుంటే రావమ్మ రాస్తోంది. ముప్పయ్యేళ్ళు వేరే ఊరి అంగన్‌వాడీలో పిల్లలకి అక్షరాలు దిద్దించింది కదా, నా మాటలు కూడా దిద్దాలని చూస్తుంది. నేను ఊరుకోను. రాసిందంతా మళ్ళీ చదివించుకుంటాను.

నాకు కొత్త ఫోను కావాలి. బెజవాడలో ఉన్నవాడివి నువ్వే చూడు. రైల్వే పార్సిలు ఆఫీసులో అన్నేళ్ళు చేశావు, సరుకు మంచిచెడ్డలు తెలిసుండాలి. నాది ఒకటే షరతు. ఆ ఫోను మీ బావ కంప్యూటరుతో కలవాలి.

మీ బావ పోయి ఆరేళ్ళు. స్టూడియో మూసేశాం గానీ ఆ పెట్టె నడుస్తూనే ఉంది. పద్దెనిమిదేళ్ళ పెట్టె. వేడెక్కితే గేదెలా రొప్పుతుంది, పక్కన ఫ్యాను పెడితే ఊరుకుంటుంది. ఈ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా, బాప్తిస్మమైనా, చావైనా పాత ఫోటో కోసం నా గుమ్మం ఎక్కాల్సిందే. పెద్దకర్మ రోజున దండ వేసే ఫోటో వెళ్ళేది నా దగ్గర్నుంచే. పెట్టెలో వెతికి, తీగ తగిలించి ఫోనులోకి దింపుతాను. ఫోను పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి, మంచంలో ఉన్నవాళ్ళకి చూపించి "ఇదేనా?" అంటాను. అవునంటే వాళ్ళ పిల్లలకి వాట్సాపులో పంపుతాను. పెన్‌డ్రైవు చాలదా అని నువ్వంటావని తెలుసు. పెన్‌డ్రైవుకి మొహం ఉండదు, దాన్ని పట్టుకెళ్ళి ఎవరికి ఏం చూపించను?

రంగు ఏదైనా సరే, కెమెరాలు ఎన్నున్నా సరే. పెట్టెతో కలవాలి.

ఇంకో సంగతి ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నా. ఫోటో తీగలోంచి ఫోనులోకి వెళ్ళిపోయాక కూడా పెట్టెలో అలాగే ఉంటుంది. మరి వెళ్ళిందేమిటి? నీడా? కనుక్కుని రాయి.

మీ అక్క శౌరమ్మ
(వేలిముద్ర నాదే, మాటలూ నావే.)


విజయవాడ, పటమట,
24 జూన్ 2025

అక్కకి సంజీవరావు నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెవుల సంగతి రాసిన చోట మాత్రం ఒక్కసారే చదివాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను, బాగానే ఉన్నాను. నువ్వు అడిగినట్టే అనుకుంటున్నాను.

బీసెంటు రోడ్డులో మూడు షాపులు తిరిగాను. ప్రతి చోటా "ఏ కంప్యూటరు అంకుల్?" అంటారు. బావ కంప్యూటరు పేరు చెప్పగానే ఒక అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, "అది నా చిన్నప్పుడు వచ్చింది కదండీ, ఇంకా నడుస్తోందా?" అంది. గేదెలా రొప్పుతుందట గానీ నడుస్తోందన్నాను. ఆ అమ్మాయికి ముచ్చటేసి లోపలున్న ఇద్దర్ని పిలిచి మరీ చెప్పింది.

నీ ప్రశ్నకి జవాబు. వెళ్ళేది నీడ కాదు, నకలు. మా పార్సిలు ఆఫీసులో రసీదు రాసేటప్పుడు కింద కార్బను కాగితం పెట్టేవాళ్ళం. అసలు పుస్తకంలోనే ఉంటుంది, నకలు ప్రయాణం చేస్తుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ పదో నకలు కూడా మొదటిదంత స్పష్టంగా ఉంటుంది. ఇది ఎలాగో నాక్కూడా ఆశ్చర్యమే.

షాపు వాళ్ళు అన్నిటికంటే కొత్త మోడల్ తీసుకోమన్నారు. కొత్తది అన్నిటితోనూ సర్దుకుపోతుందట. సబబుగానే తోచింది. బస్సు డ్రైవరు డేనియల్ మన ఊరి మీదుగానే వెళ్తాడు కదా, అతని చేతికి ఇచ్చాను. ఆకుపచ్చది. నీకు నచ్చుతుంది.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. అన్ని వేల ఫోటోల్లో కావాల్సింది ఎలా వెతుకుతున్నావు? రావమ్మగారు పేర్లు చదివి పెడతారా?

సంజీవరావు


కూచిపూడి,
2 జూలై 2025

ఆకుపచ్చ ఫోను కొన్న తమ్ముడికి,

రంగు ఏదైనా సరేనన్నాను, నువ్వు రంగు తప్ప ఇంకేమీ చూడలేదు. ఫోను అందంగా ఉంది. పెట్టె దాన్ని గుర్తుపట్టడం లేదు.

ఏమేం చేశానో చెబుతాను, విను. నువ్వు పంపిన తీగ పెట్టాను, పెట్టెకి పట్టలేదు. రావమ్మ ఇంట్లోంచి ఒక తీగ, డేనియల్ దగ్గర ఒకటి, బడ్డీకొట్టు శౌరయ్య దగ్గర ఒకటి తెచ్చాను. మొదటి రెండింటికీ ఫోను ఛార్జింగు ఎక్కింది, అంతే. శౌరయ్య తీగకి ఫోను మొహం మీద ఏదో ప్రశ్న పడింది. ఉత్త ఛార్జింగేనా, ఫోటోలు కూడానా అని అడుగుతోందట, రావమ్మ చదివింది. ఫోటోలు కూడా అని నొక్కించాను. పెట్టె రెండుసార్లు గొంతు సవరించుకుంది. మూలన చిన్న బోర్డు లేచింది. ఈ వచ్చిందెవరో నాకు తెలీదు అని దానర్థమట.

అంటే పలకరింపు జరిగింది, పరిచయం కుదర్లేదు. ఒకే తీగలోంచి కరెంటు వెళ్తుంది, ఫోటో ఎందుకు వెళ్ళదు? కరెంటుకి పరిచయం అక్కర్లేదా? ఆ షాపు అమ్మాయిని ఇది అడుగు. తెలివైనదానిలా ఉంది.

ఇంకోటి. నా పాత ఫోను పక్కన అరలో గోరంత కార్డు ఉండేది. ఫోటోలన్నీ అందులోనే ఉండేవి. దీనికి ఆ అరేది? చుట్టూ తడిమి చూశాను, సిమ్ము పెట్టే చోటు తప్ప ఇంకేమీ లేదు.

నా వెతుకుడు సంగతి నీకెందుకు? రావమ్మకి ఈ ఊళ్ళో సగం మొహాలు తెలీవు. నేనే వెతుక్కుంటాను. మీ బావ నాకు దారి వేసిపెట్టాడు.

శౌరమ్మ


విజయవాడ,
7 జూలై 2025

అక్కా,

ఆ షాపు అమ్మాయికి నీ ఉత్తరం చదివి వినిపించాను. పేరు కీర్తన. "కరెంటుకి పరిచయం అక్కర్లేదా" అన్న దగ్గర నవ్వి, "అమ్మమ్మగారు కరెక్టేనండీ" అంది. కరెంటు ఎవరింట్లోకైనా వెళ్తుందట. ఫోటో వెళ్ళాలంటే అవతలివాళ్ళకి ఇవతలివాళ్ళ భాష రావాలట. బావ కంప్యూటరు నేర్చుకోవడం మానేసి పదేళ్ళు దాటింది.

కార్డుల కాలం పోయిందక్కా. ఇప్పుడు ఎవరూ వాడటంలేదని ఇంకో షాపులో చెప్పారు.

బాగా ఆలోచించాను. తప్పు ఫోనుది కాదు, పెట్టెది. రేపో ఎల్లుండో అది ఆగిపోతే లోపల ఉన్నవన్నీ పోతాయి. ఇంత ఊరి ఫోటోలు ఒక్క పెట్టెలో ఉన్నాయని తెలిశాక నాకు నిద్ర పట్టడంలేదు. గన్నవరంలో కిరీటి అని కంప్యూటర్లు బాగుచేసే అతనున్నాడు, నమ్మకస్తుడు. శుక్రవారం వచ్చి పెట్టె తీసుకెళ్తాడు. ఫోటోలన్నీ ఒక లాప్‌టాపులోకి ఎక్కిస్తాడు. నీ ఆకుపచ్చ ఫోను దాంతో చక్కగా కలుస్తుంది. కాదనకు.

సంజీవరావు


కూచిపూడి,
12 జూలై 2025

సంజీవ్,

కిరీటి వచ్చాడు. చేతులు కడుక్కుని పెట్టె ముట్టుకున్నాడు, అందుకని ఇచ్చాను. లేకపోతే ఇచ్చేదాన్ని కాదు.

మూత తీస్తే లోపల వెనకవైపు కందిరీగ మట్టిగూడు ఉంది. ఎప్పుడు పెట్టిందో, ఏ సందులోంచి దూరిందో! ఇద్దరం ఒక పావుగంట చూస్తూ కూర్చున్నాం. "తీసేయమంటారాండీ?" అన్నాడు. ఆ గూడు కదిపావంటే నీ చేతులు విరగ్గొడతానని చెప్పాను. కందిరీగ గూడు పెట్టిన ఇంట్లో పసిబిడ్డ పుడుతుందంటారు. డెబ్బయ్యొక్కేళ్ళ నేను తప్ప ఈ ఇంట్లో ఎవరూ లేరు. అయినా దాని లెక్క దానిది.

నీకూ అదే చెబుతున్నా. గూడు ఉన్నట్టే ఉండాలి, ఫోటోలు ఉన్నవి ఉన్నట్టే రావాలి. రావమ్మా, ఈ ముక్క కింద గీత గియ్యి.

శౌరమ్మ
(గీత గీశాను. రెండు గీయమంటే రెండోదీ గీశాను. రావమ్మ)


విజయవాడ,
19 జూలై 2025

అక్కా,

ఈ ఉత్తరం చాలా సంతోషంగా రాస్తున్నాను. లాప్‌టాపు డేనియల్ చేత పంపుతున్నాను. తెరిచి చూస్తే నువ్వు ఆశ్చర్యపోతావు.

కిరీటి ఎక్కించి ఇచ్చాక, నేను ఆరు రోజులు కూర్చుని సర్దాను. అక్కా, బావ మంచి ఫోటోగ్రాఫరే గానీ సర్దడం తెలీని మనిషి. అన్నీ నంబర్లే. పెళ్ళి పక్కన చావు, చావు పక్కన బారసాల. నేను పెళ్ళిళ్ళన్నీ ఒక చోట పెట్టాను, బాప్తిస్మాలు ఒక చోట, నాట్యం పిల్లలు ఒక చోట, చావులు ఒక చోట. ప్రతిదానికీ తెలుగులో పేరు పెట్టాను. పార్సిలు ఆఫీసులో నా అరలు చూసి పెద్దాఫీసరు మెచ్చుకునేవాడని నీకు తెలుసు కదా.

చివరి రోజుల్లో బావకి చెయ్యి నిలవలేదనుకుంటా. పనికిరాని ఫోటోలు నూటపన్నెండు దొరికాయి. ఒక చేట. ఒక ఎద్దు వీపు. కుట్టుమిషను చక్రం. పగిలిన అరుగు. మనిషి లేని బడి గుమ్మం. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. అవి తీసేశాను. ఇప్పుడు చూస్తే అద్దంలా ఉంది.

పాత పెట్టెని సామాన్లవాడికి వేసెయ్యమని కిరీటికి చెప్పాను.

మెచ్చుకోలు ఉత్తరం కోసం ఎదురుచూస్తూ,
సంజీవరావు


కూచిపూడి,
23 జూలై 2025
(డేనియల్ చేతికి, బస్సు దిగగానే నీకివ్వాలని)

సంజీవరావ్,

ఫోను చేసేదాన్నే. చేస్తే తిట్టి పెట్టేస్తాను. తిట్లే నీకు మిగులుతాయి, సంగతి తెలీదు. అందుకని కూర్చుని చెబుతున్నా.

నా స్నేహితురాలు రామతులసి ఆదివారం పోయింది. ముప్పయ్యో తారీఖు పెద్దకర్మ. ఆమె భర్త బసవపున్నయ్యగారు నిన్న నా అరుగు మీద కూర్చుని, "శౌరమ్మా, మా ఇంట్లో ఉన్న ఫోటోలన్నిట్లోనూ మూతి బిగించుకునే ఉందమ్మా. మీ ఆయన దాసు ఒకసారి నవ్వుతున్నప్పుడు తీశాడు చూడు, అదిస్తావా?" అన్నాడు. నాకు ఆ ఫోటో తెలుసు. కళ్ళు మూసుకుని తీసేదాన్ని. నీ అద్దంలాంటి లాప్‌టాపు తెరిస్తే నాకు ఏమీ కనపడలేదురా. ఎక్కడ చూసినా పేర్లు. నువ్వు నాకు ఊరంతా తాళం వేసి, తాళంచెవి నీ దగ్గర పెట్టుకున్నావు.

రావమ్మ పొద్దున్నుంచి చదువుతోంది. నాట్యం పిల్లల్లో చూసింది, పెళ్ళిళ్ళలో చూసింది, దొరకలేదు. చావుల్లో మాత్రం శౌరయ్య దొరికాడు. బతికున్నవాణ్ణి చావుల్లో పెట్టావు! మెడలో దండ ఉంది కదా అని. అది సన్మానం. ఆ మాట విని శౌరయ్య వచ్చి చూసుకుని, "సంజీవరావుగారు నన్ను ముందే పంపించేశారా?" అని వెళ్ళాడు. ఇంకో రోజయితే నవ్వేదాన్ని.

ఇప్పుడు నీ పనికిరాని ఫోటోల సంగతి విను.

పెట్టె కొన్న కొత్తలో మీ బావ నాకు అక్షరాలు నేర్పబోయాడు. యాభై మూడేళ్ళప్పుడు నాకెందుకవి, నా వల్ల కాదన్నాను. రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు కెమెరా మెడలో వేసుకుని, నన్ను మోపెడ్ వెనక కూర్చోబెట్టుకున్నాడు. ఇంటింటి ముందూ బండి ఆపేవాడు. "ఈ ఇల్లంటే నీకు ముందు ఏం గుర్తొస్తుంది?" అనేవాడు. నేను ఏది చెబితే దానికి ఫోటో తీసేవాడు. రామతులసి చేట పట్టిందంటే బియ్యంలో ఒక్క రాయి మిగిలేది కాదు, అందుకని చేట అన్నాను. వాళ్ళ పక్కింటికి ఎద్దు. దర్జీవాళ్ళకి మిషను చక్రం. ముందు ఆ బొమ్మ, దాని వెనక ఆ ఇంటివాళ్ళ ఫోటోలన్నీ. పెళ్ళి, చావు, బారసాల ఒకే చోట ఎందుకున్నాయంటావా? ఒకే ఇంట్లో జరిగాయి కాబట్టి! మా వీధుల్లో నడిచినట్టే నేను అందులో నడిచేదాన్ని. నూటపన్నెండు బొమ్మలు, నూటపన్నెండు ఇళ్ళు.

నువ్వు చెత్త అనుకుని తీసేసింది నా చదువు.

ఆ పెట్టె సామాన్లవాడికి పోయుంటే నాకు చెప్పకు. బసవపున్నయ్యగారికి నువ్వే వచ్చి చెప్పు.

శౌరమ్మ


విజయవాడ,
25 జూలై 2025

అక్కా,

నీ ఉత్తరం బస్టాండులో నిలబడే చదివాను. అక్కడినుంచి ఇంటికి వెళ్ళలేదు. గన్నవరం బస్సెక్కాను.

కిరీటి షాపులో గుమ్మం పక్కన పాత సామాన్లు కుప్పగా ఉన్నాయి. బావ పెట్టె వాటిలో లేదు. కుప్ప అడుగుదాకా లాగి వెతికాను. కిరీటి నన్ను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, లోపలికి తీసుకెళ్ళాడు. పెట్టె బల్లమీద ఉంది. "గూడు కదపొద్దని మీ అక్కగారు చెప్పారండీ. పిల్లలు ఎగిరిపోయాక ఇద్దామని ఆపాను. అసలు అందులోంచి ఏం వస్తుందో చూద్దామని నాక్కూడా ఉందండీ" అన్నాడు. లోపల ఫోటోలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. నేను వేలుపెట్టింది నకలులోనే. నకలూ అసలూ అని నీకు పాఠం చెప్పినవాణ్ణి, ఏది ఏదో మర్చిపోయి సామాన్లవాడికి వెయ్యమన్నాను.

చేట తర్వాత ఏడోది, రామతులసిగారు నవ్వుతున్న ఫోటో. అక్షరం చదవకుండా వెతికాను.

ఫోను సంగతి. ఈసారి కీర్తనని "మంచిది ఏది?" అని అడగలేదు. "కార్డు అర ఉన్నది ఏది?" అని అడిగాను. నవ్వి, "అమ్మమ్మగారు ఆ ఉత్తరంలోనే రాశారు కదండీ" అంది. నిజమే. నేనే వినలేదు. ఎడమచెవి కాదు, కుడిచెవే. మామూలు ఫోను, నల్లది, పక్కన అర ఉంది. కార్డు మాత్రం ముప్పైరెండు జీబీదే వాడాలట, అంతకంటే పెద్దదైతే ఆ పెట్టె చదవలేదట. కార్డు బయటికి తీసి, ఈ చిన్న రీడరులో పెట్టి, పెట్టెకి తగిలించాలి. పెట్టెకి అది పెన్‌డ్రైవులాగే కనపడుతుంది. కిరీటి షాపులోనే మూడుసార్లు చేసి చూశాను, పనిచేస్తోంది.

కిరీటి రేపు అన్నీ తీసుకుని నీ దగ్గరికి వస్తాడు, పెట్టె, గూడు, ఫోను. అసలుకి ఉన్నది ఉన్నట్టే ఒక నకలు కూడా తీశాడు. ఈసారి నేను ముట్టుకోలేదు. నేను రావడంలేదు. నీ ఎదుట నిలబడాలంటే ఇంకొన్ని రోజులు పడుతుంది.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. బడి గుమ్మం బొమ్మ వెనక నా పెళ్ళి, మా బ్లెస్సీ బాప్తిస్మం, మా గృహప్రవేశం ఉన్నాయి. మా ఇల్లని పటమట ఇల్లు పెట్టొచ్చు, మన పాత ఇల్లయినా పెట్టొచ్చు. ఆ గుమ్మం ఎందుకు పెట్టావు?

తమ్ముడు


కూచిపూడి,
3 ఆగస్టు 2025

తమ్ముడూ,

పెద్దకర్మ బాగా జరిగింది. నల్లఫోనులో ఫోటో చూపిస్తే బసవపున్నయ్యగారు చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. "చూశావా శౌరమ్మా, ఆ పక్కపన్ను కూడా కనపడుతోంది" అన్నాడు. ఆమె నోరు బిగించేది ఆ పన్ను కోసమేనని అప్పుడు తెలిసింది నాకు. నలభయ్యేళ్ళు ఎదురెదురుగా ఉన్నాం, ఎప్పుడూ అడగలేదు.

ఫోనూ పెట్టే ఇప్పటికీ మాట్లాడుకోవడంలేదు. కార్డే ఇటూ అటూ తిరుగుతోంది. మనిద్దరిలాగే. ఫోనులో పడదు, మధ్యన కాగితం తిరిగితే సరిపోతోంది.

నీ లాప్‌టాపు రావమ్మకిచ్చాను. నువ్వు పెట్టిన పేర్లు చదువుతూ ఊళ్ళో మొహాలు నేర్చుకుంటోంది. తప్పులు నేను చెబుతుంటే దిద్దుతోంది. శౌరయ్యని చావుల్లోంచి లేపి సన్మానాల్లో పెట్టాం. నేను పోయాక ఎవరో ఒకరికి తెలియాలి కదా. కాబట్టి నీ పని మొత్తం దండగ కాలేదు. ఇంతకంటే మెచ్చుకోలు నా దగ్గర లేదు.

గూట్లోంచి కందిరీగ బయటికొచ్చింది. ఒక్కటే. కిరీటికి ఫోటో తీసి పంపాను.

ఇక గుమ్మం సంగతి. "మీ తమ్ముడంటే ఏం గుర్తొస్తుంది?" అని మీ బావ అడిగాడు. నిన్ను బళ్ళో వేసినప్పుడు నీకు అయిదేళ్ళు, నాకు పన్నెండు. నిన్ను చంకనేసుకుని కాలవగట్టు మీదుగా తీసుకెళ్ళి ఆ గుమ్మంలో దింపేదాన్ని. నువ్వు లోపలికి వెళ్ళేవాడివి. నేను వదిలేస్తే ఏడుస్తావని ఇంకాసేపు అక్కడే నిలబడి, తర్వాత నాట్లకి పోయేదాన్ని. లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. లోపల ఏముండేదో నాకు తెలీదు. మీ బావ కూడా బయటినుంచే తీశాడు.

ఇప్పుడది ఎరువుల గోడౌను. తాళంచెవి బసవపున్నయ్యగారి దగ్గరుంది, అడిగి ఉంచాను. నీకు ధైర్యం వచ్చాక రా. లోపలికి వెళ్ళి, నువ్వు కూర్చునే చోటే కూర్చుని, గుమ్మం వైపు తిప్పి ఒక ఫోటో తియ్యి. నేను గుమ్మంలో నిలబడతాను. అక్కణ్ణుంచి నేను ఎలా కనపడేదాన్నో చూడాలి.

అక్క